మీ ఇంట్లో మంటలున్నాయా అండీ?

ఇకమీదట ఫైర్ స్టేషన్‌కి బయటివాళ్లెవరూ ఫోన్ చేయడానికి వీల్లేదన్న ఉత్తర్వు వచ్చిన రోజుల్లో పాలరేవులో వాచ్‌రూమ్ డ్యూటీ నాదే. వాచ్‌రూమ్ అంటే పెద్ద హంగేమీ ఉండదు. ఒక బల్ల, ఒక ఫోను, ఒక గంట, ఆ గంట కొట్టడానికి నేను. ఫోన్ మోగితే ఎత్తుతాను. ఎక్కడ అంటుకుందో అడుగుతాను. గంట కొడతాను. అది విని డ్రైవర్ అప్పలకొండ ఫైరింజన్ స్టార్ట్ చేస్తాడు. స్టేషన్ పుట్టినప్పటినుంచీ జరుగుతున్నది ఇంతే. ఇందులో తప్పేమిటో మాకెవరికీ ఎన్నడూ తోచలేదు. అందుకే మేం కింద ఉన్నాం, డైరెక్టర్ చిదానందం గారు పైన ఉన్నారు.

ఆ తప్పు బయటపడడానికి కారణం కంప్యూటర్లు. ప్రధాన కార్యాలయంలో ఎవరో ఊరూ పేరూ లేని ఈమెయిల్ తెరిచారు. దాంతో కంప్యూటర్లన్నిటికీ వైరస్ పట్టుకుంది. దాన్ని వదిలించడానికి ప్రద్యుమ్న అనే కన్సల్టెంట్‌ని పిలిపించారు. అతనొక పెద్ద కంప్యూటర్ తెప్పించి, దాని కడుపులో మరికొన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు పెట్టాడు. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారట. అవి కంప్యూటర్లలాగే పనిచేస్తాయి గానీ వాటికి సొంత ఒళ్లు ఉండదు. ఒళ్లిచ్చిన పెద్దదాన్ని హోస్ట్ అంటారు, లోపలున్నవాటిని గెస్టులంటారు. గెస్టుకి రోగమొస్తే చెరిపేసి కొత్తది పెట్టుకోవచ్చు, హోస్ట్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఈ ముక్క వినగానే డైరెక్టర్ గారు ఆప్యాయంగా సిబ్బంది వంక చూశారని అక్కడివాళ్లు చెప్పుకున్నారు.

తర్వాత అన్ని స్టేషన్లవాళ్లనీ పిలిచి అవగాహన సదస్సు పెట్టారు. మా స్టేషన్ ఆఫీసర్ సన్యాసినాయుడు గారితో నేనూ వెళ్లాను. ప్రద్యుమ్న మంచివాడు. మాకు అర్థం కావాలని ఇంటి భాషలో చెప్పాడు.

"ఒక ఇల్లుంది అనుకోండి. యజమాని హోస్ట్. లోపల అద్దెకున్నవాళ్లు గెస్టులు. వాళ్లకి బయటి ప్రపంచంతో సంబంధం ఎలా ఉండాలన్నది మన ఇష్టం. మొదటిది బ్రిడ్జ్ విధానం. ఇందులో అద్దెకున్నవాడికి సొంత డోర్ నంబరుంటుంది. వాడి పేరుతోనే ఉత్తరాలు వస్తాయి, పోతాయి. వీధిలో అందరితో సమానం."

"సొంత నంబరా!" అన్నారు డైరెక్టర్ గారు ముందు వరసలోంచి. "ప్రతివాడికీ సొంత నంబరిస్తే రేపు సొంత అభిప్రాయాలు కూడా వస్తాయి. తరువాయి చెప్పండి."

"రెండోది నాట్. ఎన్, ఏ, టీ. అద్దెకున్నవాడు ఎవరికి ఉత్తరం రాసినా యజమాని పేరుతోనే బయటికి వెళ్తుంది. జవాబు యజమానికి వస్తే ఆయన లోపలివాడికి అందిస్తాడు. బయటివాళ్లకి లోపల ఎవరున్నదీ తెలియదు. మనం ముందు పలకరిస్తే వాళ్లు బదులు చెప్పగలరు గానీ, వాళ్లంతట వాళ్లు లోపలివాణ్ణి పిలవలేరు."

డైరెక్టర్ గారు కుర్చీలో ముందుకి జరిగారు.

మూడోది హోస్ట్ ఓన్లీ, యజమానితో తప్ప ఇంకెవరితోనూ మాటల్లేవు. నాలుగోది ఇంటర్నల్, అద్దెకున్నవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడమే, యజమానికి కూడా వినపడదు. ఈ నాలుగోది మాత్రం మా ప్రజాఫిర్యాదుల విభాగంలో మొదటినుంచీ అమల్లో ఉందని తేలడంతో, దానికి వేరే ఉత్తర్వు అవసరం లేకపోయింది.

"బయటినుంచి ప్రమాదం రాకుండా ఏది మంచిది?" అని అడిగారు డైరెక్టర్ గారు.

"మామూలుగా నాట్ పెట్టి వదిలేస్తాం సార్."

"అయితే మన శాఖకి పెట్టండి."

"పెట్టేశాను సార్. అన్ని కంప్యూటర్లకీ."

"కంప్యూటర్ల సంగతి ఎవరడిగారయ్యా? శాఖకి పెట్టమంటున్నాను." ఆయన లేచి సభవైపు తిరిగారు. "వైరస్ ఎక్కడినుంచి వచ్చింది? బయటినుంచి. మంటల కబుర్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? అవీ బయటినుంచే. ఈ శాఖ ఇన్నేళ్లుగా తలుపులు బార్లా తెరుచుకుని కూర్చుంది. ఎవడు పడితే వాడు ఫోన్ చేసి మంటంటున్నాడు, మనం వెళ్తున్నాం. ఇదేం భద్రత?"

ప్రద్యుమ్న ఏదో చెప్పబోయాడు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. సన్యాసినాయుడు గారు కూడా కొట్టారు. ఆయన పక్కన కూర్చుని నేను కొట్టకపోతే బాగుండదు.

ఉత్తర్వు మాకంటే ముందే స్టేషన్‌కి చేరింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, శాఖ యందు నాటు విధానము తక్షణము అమలులోకి తేబడినది. బాహ్య వ్యక్తులు తమంతట తాము చేయు పిలుపులు స్వీకరింపరాదు. సిబ్బంది బయటివారితో చేయు సంభాషణ యావత్తూ డైరెక్టరు వారి పేరిట మాత్రమే జరుగవలెను. వ్యక్తిగత నామధేయములు వెల్లడించుట క్రమశిక్షణా చర్యకు అర్హము."

"నాటు అంటే?" అన్నాడు అప్పలకొండ. "మనం నాటు ఫైరింజన్ వాళ్లమైపోనామా సార్?"

నాటుసారా, నాటుకోడి వరసలో శాఖ పేరు రావడం గౌరవంగా లేదని భాషా విభాగం వాళ్లూ అభ్యంతరపెట్టారు. సవరణ వచ్చింది. దానిపేరు "ఏకపక్ష శ్రీకార విధానము" అన్నారు. అంటే శ్రీకారం మనమే చుట్టాలి. నోరు తిరక్క మేం నాటు అనే అనుకున్నాం.

ఉత్తర్వుకి మొదట బలైంది దాలమ్మ. సముద్రం వైపు వెళ్లే దారిలో ఆమెకి కొబ్బరిపీచు కళ్లం ఉంది. పీచు ఎండబెట్టి, తాళ్లు పేని, పడవలవాళ్లకి అమ్ముతుంది. మొగుడు పోయాక ఆ కళ్లమే ఆమెకి ఇల్లూ వాకిలీ అన్నీ. ఎండుపీచుకి నిప్పురవ్వ తగిలితే ఆగదు. అందుకని మా స్టేషన్ నంబరు ఆమె గోడమీద బొగ్గుతో రాసుకుంది. ఆ మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఫోన్ మోగింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను. మోగీ మోగీ ఆగింది. కాసేపటికి ఆవిడే పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"బాబూ, పీచు కుప్ప అంటుకున్నాది! బేగి రండి!"

సన్యాసినాయుడు గారు గేటు దాకా వెళ్లారు. చెడ్డవాడు కాదు. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి. "మేం నీకు ఫోన్ చేశామా అమ్మా?"

"మీరెందుకు సేస్తారు? నాను సేసినాను. ఎత్తనేదు."

"అదేనమ్మా. మేం ముందు పలకరిస్తేనే నువ్వు జవాబు చెప్పాలి. నీ అంతట నువ్వు చెప్తే మాకు చెప్పినట్టు కాదు."

"అయితే పలకరించు బాబూ! కాలిపోతన్నాది!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాచ్‌రూమ్‌లోకి పరుగెత్తి ఆమె నంబరు అడిగాను. గేటవతలినుంచి అరిచి చెప్పింది. తిప్పాను. ఆమె రొంటిన ఉన్న ఫోన్ మోగింది. ఆమె నావైపు చూస్తూ ఎత్తింది, నేను ఆమెవైపు చూస్తూ మాట్లాడాను.

"నమస్కారమండీ. డైరెక్టర్ని మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో మంటలున్నాయా అండీ?"

"నీ నోట్లో మన్నడ! ఉన్నాయిరా!"

"సమాచారానికి ధన్యవాదాలు" అని గంట కొట్టాను. మేం వెళ్లేసరికి సగం కుప్ప బూడిద. మిగతా సగాన్ని తడిపి కాపాడాం. ఆ బూడిదని కాలితో కెలుకుతూ ఆమె ఒకే మాట అడిగింది.

"బాబూ, నాకేటీ వద్దు. మల్లీ అంటుకుంటే నాను పిలిస్తే మీరొస్తారా, రారా? అదొక్కటీ సెప్పు."

సిగ్గేసింది. పైపు చుట్టుకుని ఇంజనెక్కాను.

సంగతి ప్రధాన కార్యాలయానికి చేరింది. తిడతారనుకున్నాం. మెచ్చుకున్నారు. "పాలరేవు సిబ్బంది బయటి వ్యక్తిని తామే ముందుగా పలకరించి, విధానము యొక్క స్ఫూర్తిని నిలబెట్టిరి" అని కితాబిచ్చి, అదే పద్ధతి అన్ని స్టేషన్లకీ విస్తరించారు. అంటుకున్నాక పలకరిస్తే ఆలస్యమవుతోంది కాబట్టి, రోజూ పొద్దున్నే పట్టణంలో ప్రతి ఇంటికీ మేమే ఫోన్ చేసి మంటల విషయం విచారించాలి. పలకరించాక కొద్దిసేపు ఆ సంబంధం తెరిచి ఉంటుంది. ఆలోగా అంటుకుంటే చెప్పుకోవచ్చు. తర్వాత అంటుకుంటే మర్నాటి దాకా ఆగాలి.

దాంతో ఆర్పేవాళ్లం అడిగేవాళ్లమయ్యాం. నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లం. నలుగురమూ డైరెక్టర్లమే.

"డైరెక్టర్ని మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో మంటలున్నాయా అండీ?"

"ఉన్నాయి బాబూ. రాత్రి నుంచీ కడుపులో ఒకటే మంట. పులిహోర తిన్నాను."

"ఒళ్లు మండిపోతోందయ్యా, మా ఆడపడుచు దిగింది."

"మంటలా? పొయ్యి వెలిగితే కదా! గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో నువ్వే చెప్పు."

వీటిని ఎలా నమోదు చేయాలో తెలియక సన్యాసినాయుడు గారు స్పష్టత కోరుతూ పైకి రాశారు. వివరంగా జవాబొచ్చింది. "కడుపు మంట, ఒళ్లు మంట, కళ్ల మంట శాఖ పరిధిలోకి రావు. అయితే ఆడపడుచు ఉదంతమునందు మంట ఇరువైపులా వ్యాపించు అవకాశమున్నందున, పరిస్థితిని గమనించుచుండవలెను."

ఊళ్లో డైరెక్టర్ గారి పేరు మారుమోగిపోయింది. మేడమీద ఇరుక్కున్న పిల్లిని దించింది డైరెక్టరు. నూతిలో బిందె తీసింది డైరెక్టరు. పొద్దున్నే తలంటు పోసుకుంటుంటే ఫోన్ చేసి విసిగించిందీ డైరెక్టరే. "నిన్నొచ్చిన డైరెక్టరు పొట్టిగా ఉన్నాడు, ఇవాల్టాయన కాస్త మర్యాదస్తుడు" అని జనం మమ్మల్ని గుర్తుపట్టేవారు. సొంత పేరు చెప్పుకునే వీల్లేక, మా ఇంట్లో కూడా ఒకసారి ఫోనెత్తి డైరెక్టర్ని అన్నాను. మా ఆవిడ "అయితే వచ్చేటప్పుడు కూరలు తెండి డైరెక్టరు గారూ" అంది.

ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కొచ్చింది. అందరినీ అడుగుతుంటే మంటలున్నవాళ్లు ఉన్నాయని చెప్పేస్తున్నారు. లెక్కల్లో అగ్నిప్రమాదాలు పెరిగాయి. ఆ ఏడాది "అగ్నిరహిత పట్టణం" అని ఒక పురస్కారం పెట్టారు. దానికి పాలరేవునే చూపించాలని డైరెక్టర్ గారు మనసుపడ్డారు. ఆయన బాగా ఆలోచించి మా స్టేషన్ని మూడో విధానంలోకి మార్చారు. హోస్ట్ ఓన్లీ. ఇక మేం ఎవరినీ పలకరించనక్కర్లేదు. ఎవరి మాటా వినకూడదు. ప్రధాన కార్యాలయంతో తప్ప మాటల్లేవు. పేరు నియమం మాత్రం రద్దు చేయడం ఎవరికీ గుర్తులేదు.

మర్నాటినుంచి పాలరేవులో ఒక్క మంటా లేదు. లెక్కల్లో పట్టణం చల్లగా ఉంది. పురస్కారం ఖాయమైంది. శాలువాలకి కూడా పురమాయించారు.

పురస్కారానికి ముందురోజు దాలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కుప్ప కాదు, కళ్లం పక్కన తాళ్లు దాచే పాక అంటుకుంది. పడవలవాళ్లకి ఇవ్వాల్సిన సరుకంతా అందులోనే ఉంది. ఆమె గేటు రెండు చేతులా పట్టుకుని ఊపుతోంది. పొగ మా స్టేషన్ లోంచే కనిపిస్తోంది.

సన్యాసినాయుడు గారు ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశారు. అక్కడ జాయింట్ డైరెక్టర్ ఎత్తారు. నేను పక్కనే ఉండి విన్నాను.

"సార్, ఇక్కడ మంట ఉందండీ."

"మీకెవరు చెప్పారు?"

"గేటు దగ్గర ఒకావిడ చెప్తున్నారు సార్."

"బయటావిడ మాట మీకెలా వినపడిందయ్యా? మీరు హోస్ట్ ఓన్లీలో ఉన్నారు."

"అరుస్తున్నారు సార్."

"అరిచినా వినపడకూడదు. అదే కదా విధానం."

"పోనీ, పొగ కనిపిస్తోంది సార్."

"కనపడడం గురించి ఉత్తర్వులో లేదు. ఫైల్ పంపండి, స్పష్టత ఇస్తాం. రేపు పురస్కారం ఉందన్న సంగతి మరిచిపోకండి."

సన్యాసినాయుడు గారు ఫోన్ పెట్టేసి నావైపు చూశారు. పొగవైపు చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ ఇంకా అంత దూరం రాలేదు.

"తవిటయ్యా," అన్నారు, "నేను ఫైల్ రాయడానికి లోపలికి వెళ్తున్నాను. రాసేటప్పుడు నాకు గంట కూడా వినపడదు."

గంట కొట్టాను. ఉద్యోగం పోతుందని తెలుసు. భయం లేదంటే అబద్ధం. అప్పలకొండ అప్పటికే ఇంజన్ తీశాడు. దాలమ్మని క్యాబిన్లోనే ఎక్కించుకున్నాం. పాక కప్పు ఒక పక్క కూలింది గానీ తాళ్లు చాలావరకు దక్కాయి. తిరిగొచ్చేటప్పుడు దాలమ్మ మా ఇద్దరి వంకా తేరిపార చూసింది, పేర్లడగాలనుకున్నట్టు. అడగలేదు. ఊళ్లో అందరికీ మా పేరు తెలుసు కదా.

పురస్కారం వాయిదా పడింది. అగ్నిరహిత పట్టణంలో పట్టపగలు ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వెళ్లడం అందరూ చూశారు. విచారణకి డైరెక్టర్ గారు స్వయంగా దిగారు. వెంట ప్రద్యుమ్ననీ, వాంగ్మూలం టైపు చేయడానికి ఒక స్టెనోనీ తెచ్చుకున్నారు. మమ్మల్ని వరండాలో వరసగా నిలబెట్టారు. విధానాన్ని ఉల్లంఘించినవాడు ఎవడో తేల్చి, ఆరోజే సస్పెండ్ చేస్తానన్నారు. నేనే ఒప్పుకుందామని నోరు తెరిచాను.

"మీరు మాట్లాడకూడదు. ముందు సాక్షి చెప్పాలి" అన్నారాయన. దాలమ్మని పిలిచారు.

"మంట ఆర్పింది ఎవరమ్మా? భయపడకుండా చెప్పు."

"భయమేటి బాబూ! డైరెట్రు గారు."

డైరెక్టర్ గారు నవ్వారు. "అమ్మా, డైరెక్టర్ని నేను."

దాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "తమరూ డైరెట్రేనా? తమర్ని నానెప్పుడూ సూడనేదు. ఆ రోజు ఇద్దరు డైరెట్రులొచ్చినారు. ఒక డైరెట్రు బండి నడిపినాడు, ఒక డైరెట్రు పైపు పట్టినాడు. పాపం ఆ డైరెట్రు సెయ్యి కూడా కాలినాది."

స్టెనో టకటకా కొట్టుకుపోతున్నాడు.

"అది కొట్టకు!" అన్నారు డైరెక్టర్ గారు.

"సాక్షి మాట సార్" అన్నాడు స్టెనో.

ఆయన ప్రద్యుమ్నవైపు తిరిగారు. "లోపలినుంచి వెళ్లింది ఎవడో తెలుసుకునే మార్గం ఉంటుంది కదా? ఏదో ఒక గుర్తు."

"హోస్ట్ దగ్గర తాత్కాలికంగా ఉంటుంది సార్. పని అయిపోయాక చెరిగిపోతుంది," అన్నాడు ప్రద్యుమ్న వినయంగా. "బయటినుంచి చూసేవాళ్లకి ఎప్పుడూ తమరి పేరొక్కటే కనిపిస్తుంది. నాట్ పెట్టేది అందుకే."

"అంటే?"

"అంటే, బయటి వ్యక్తి పిలుపుకి పలికి, విధానం ఉల్లంఘించి, పురస్కారానికి ముందురోజు మంట ఆర్పింది... కాగితాల ప్రకారం తమరే సార్."

సన్యాసినాయుడు గారు చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగారు. "సార్, సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం తమరే చేస్తారా, లేక తమరి తరఫున మాలో ఏ డైరెక్టర్ అయినా చేయవచ్చా?"

డైరెక్టర్ గారు స్టెనో చేతిలోంచి కాగితం లాక్కుని, మడిచి జేబులో పెట్టుకుని కారెక్కారు. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. "విధానమును లోతుగా అధ్యయనము చేయు నిమిత్తము, తదుపరి ఆదేశములు వెలువడు వరకు పూర్వపు పద్ధతినే కొనసాగించవలెను." మాకు తిరిగి మా నంబరొచ్చింది. మా పేర్లూ మాకొచ్చాయి. దానికి బ్రిడ్జ్ విధానం అని పేరని చెప్పడానికి ప్రద్యుమ్న ఫోన్ చేశాడు గానీ, ఇంకెవరి దగ్గరా ఆ మాట అనొద్దని నేనే బతిమాలాను. ఈసారి ఆ ఫైలు వంతెనలు కట్టేవాళ్లకి వెళ్తుంది.

ఆ మర్నాడు వాచ్‌రూమ్‌లో ఫోన్ మోగింది. చాలా కాలానికి బయటినుంచి మోగిన మొదటి మోత. గభాలున ఎత్తి, "డైరె..." అని నాలిక్కరుచుకున్నాను.

"ఫైర్ స్టేషన్. తవిటయ్యని మాట్లాడుతున్నాను. ఎక్కడంటుకుంది?" ఒక చెయ్యి గంట మీదే ఉంది.

"నాను, దాలమ్మని."

"అంటుకుందా? పాకా, కుప్పా?"

"ఏటీ అంటుకోనేదు బాబూ."

"మరెందుకు చేశావమ్మా?"

అవతల ఎక్కడో తాడు పేనుతున్న చప్పుడు.

"ఊరికినే. పిలిస్తే పలుకుతారో నేదో అని."

ఉత్తపుణ్యానికి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయడం నేరం. ఆ సంగతి ఆమెకి గట్టిగా చెప్పాలి.

"పలుకుతాం" అన్నాను.